దక్షిణ ఇటలీలో తీరిగ్గా కారు ప్రయాణం: ముందు భోజనం, తర్వాతే రూటు

ఇటలీ అనగానే మనవాళ్లలో చాలామంది రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ అనుకుని రైలు టికెట్లు తీసేసుకుంటారు. అవి చూడాల్సిన ఊళ్లే, కాదనను. కానీ ఒక ఊళ్లో తీరిగ్గా కూర్చుని, కడుపు నిండా తిని, సాయంత్రం సందుల్లో తిరిగి, మర్నాడు పక్క ఊరికి వెళ్దాం అనుకునేవాళ్లకు దక్షిణాదే సరైన చోటు. మ్యాపులో బూటులా కనిపించే ఆ దేశానికి మడమ దగ్గరున్నది పూల్యా. దాని పక్కనే కొండల్లో ఉన్నది బసిలికాతా. ఈ రెండింటినీ పది రాత్రుల్లో కారులో చుట్టి రావడం ఎలాగో వరసగా చెబుతాను.

ముందుగా ఒక నియమం పెట్టుకోండి. రోజుకు రెండు గంటలకు మించి కారు నడిపేలా ప్లాన్ చేయకండి. అక్కడ ఊళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక్కో ఊరికీ తనదైన వంట ఉంటుంది. ఆ వంట దొరికే వేళలు మాత్రం చాలా కచ్చితం. కాబట్టి రేపు మధ్యాహ్నం ఎక్కడ తినాలో ఈ రాత్రే తేల్చుకోండి, రూటు దాన్ని బట్టి గీసుకోండి. రోజుకు నాలుగైదు ఊళ్లు చుట్టేద్దామనుకుంటే ఫొటోలు మిగులుతాయి గానీ మీరు చేరేసరికి వంటగదులన్నీ కట్టేసి ఉంటాయి.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఉండాలి

మే నెల, జూన్ మొదటి సగం, లేదంటే సెప్టెంబరు నుంచి అక్టోబరు సగం వరకు వెళ్లండి. ఆగస్టు వద్దు. ఆగస్టు 15న ఫెర్రగోస్తో అనే పెద్ద పండగ. దేశమంతా సెలవు పెట్టి సముద్రం ఒడ్డుకు చేరేది అప్పుడే. గది అద్దెలు, ఎండ, ట్రాఫిక్ మూడూ ఒకేసారి మీద పడతాయి. చలికాలంలో తీరం వెంట ఉన్న హోటళ్లు, రెస్టారెంట్లు చాలావరకు మూసేస్తారు.

రోజుకో హోటల్ మారకండి. నాలుగు మకాంలు చాలు: బారిలో రెండు రాత్రులు, ఇత్రియా లోయలో మూడు, లెచ్చెలో మూడు, మతేరాలో రెండు. మిగతా ఊళ్లన్నీ ఈ నాలుగింటి నుంచే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. సెలవు తక్కువగా ఉంటే లెచ్చెను వదిలేయండి గానీ ఉన్న రోజుల్లోనే అన్నిటినీ ఇరికించకండి.

కాగితాలు

భారత పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. హైదరాబాద్ నుంచి బారికి నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాల్సిందే.

లైసెన్సు సంగతి మాత్రం అశ్రద్ధ చేయకండి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా చేతిలో ఉండాలి. ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాదిపాటు చెల్లుతుంది. అమెరికా లైసెన్సు మీద నడిపే మన పిల్లలకు కూడా ఈ పర్మిట్ అవసరమే, అది అక్కడే తీసుకోవాలి. కారు అద్దెకిచ్చేచోట అడగలేదు కదా అని ఊరుకోవద్దు. రోడ్డు మీద పోలీసులు ఆపినప్పుడు అడుగుతారు.

కారు తీసుకునేటప్పుడు

చిన్న కారు తీసుకోండి. మధ్యయుగాల నాటి ఊళ్లు, రెండు వైపులా రాతిగోడలున్న పల్లెదారులు పెద్ద కార్ల కోసం కట్టినవి కావు. నలుగురు పెద్దవాళ్లు ఉంటే ఒక సైజు పెంచుకోండి, సూట్‌కేసులు మాత్రం తగ్గించుకోండి. గేర్లు లేని కారు కావాలంటే నెలల ముందే బుక్ చేయాలి, ఎందుకంటే అక్కడ గేర్ల కార్లే ఎక్కువ. డిపాజిట్ కోసం ఎవరి పేరు మీద కారు తీసుకుంటున్నారో వాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. డెబిట్ కార్డుతో వెళ్తే కౌంటర్ దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

గీతలకు, సొట్టలకు మీ జేబు నుంచి కట్టాల్సిన మొత్తం ఎంతో ముందే అడిగి, దాన్ని తగ్గించే ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇత్రియా లోయలో ఎదురుగా ట్రాక్టరు వస్తే కారును రాతిగోడకు ఆనించినంత పని చేయాలి. తాళాలు చేతికి రాగానే కారు చుట్టూ తిరుగుతూ వీడియో తీసుకోండి. టైర్ల రిమ్ములు, అద్దాలు, బంపర్ కింది భాగం కూడా అందులో పడాలి.

బారిలో ఉండే రెండు రోజులకు కారు అక్కర్లేదు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలు ఉంది. మూడో రోజు ఉదయం, ఊరు వదిలే ముందు కారు తీసుకోండి. అద్దె కలిసొస్తుంది, పార్కింగ్ గొడవ తప్పుతుంది, ప్రయాణ బడలిక తీరాక స్టీరింగ్ పట్టుకుంటారు.

రోడ్డు మీద

అక్కడ కుడి వైపు నడపాలి. మొదటి గంట సేపు పక్కన కూర్చున్నవాళ్లు ప్రతి మలుపు దగ్గరా "కుడి, కుడి" అని గుర్తు చేస్తూ ఉండాలి. ఖాళీ రోడ్డు మీదకు మళ్లేటప్పుడే చెయ్యి అలవాటుగా ఎడమకు పోతుంది. రౌండ్‌అబౌట్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండికి దారివ్వాలి. ఊళ్లలో గంటకు 50 కిలోమీటర్లు, ఊరి బయటి మామూలు రోడ్ల మీద 90, పెద్ద నాలుగు వరసల రోడ్ల మీద 110, టోల్ ఉన్న ఆటోస్ట్రాదా మీద 130. ఊరి బయట పగలు కూడా లైట్లు వేసుకునే నడపాలి. మనం తిరిగే రోడ్లలో చాలావాటికి టోల్ లేదు. బారి నుంచి లెచ్చె వరకు నాలుగు వరసల రోడ్డు మీద పైసా కట్టకుండా వెళ్లిపోవచ్చు.

ఇటలీలో బయటివాళ్లకు పడే జరిమానాల్లో చాలా జెడ్‌టీఎల్ వల్లే. పాత ఊరి నడిబొడ్డులోకి స్థానికుల బండ్లకు తప్ప మిగతావాటికి ప్రవేశం లేని ప్రాంతం అది. ఎర్రటి అంచు ఉన్న తెల్లని గుండ్రటి బోర్డు, దాని కింద వేళలు, పైన కెమెరా ఉంటాయి. పక్కన వెలిగే పలకలో "వార్కో అత్తీవో" అని ఉంటే నిషేధం అమల్లో ఉందని, లోపలికి వెళ్లకూడదని. "వార్కో నాన్ అత్తీవో" అంటేనే వెళ్లాలి. ఫోన్‌లో మ్యాప్ ఈ సంగతి పట్టించుకోకుండా తిన్నగా లోపలికే తీసుకెళ్లగలదు. కాబట్టి ఊరు దగ్గర పడగానే మ్యాప్‌లో హోటల్ పేరు తీసేసి, పాత ఊరి బయటున్న పార్కింగ్‌ను గమ్యంగా పెట్టుకోండి. హోటల్ పాత ఊళ్లోనే ఉంటే కారు నంబరు ముందుగా పంపి, అనుమతి తీసుకునే వీలుందేమో వాళ్లను అడగండి. ఆ జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికి వస్తుంది. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు కారు కంపెనీ వేసే ఫీజు దానికి అదనం. నోటీసు అందిన ఐదు రోజుల్లోపు కడితే జరిమానాలో 30 శాతం తగ్గుతుంది.

పార్కింగ్ గీతల్లో తెలుపు ఉచితం, నీలం డబ్బు కట్టాల్సినది, పసుపు స్థానికులకో వికలాంగులకో కేటాయించినది. నీలం గీతల మధ్య ఆపితే మిషన్‌లో టికెట్ తీసి అద్దం వెనక కనిపించేలా పెట్టండి.

పెట్రోలు బంకులో "బెంజీనా" అంటే పెట్రోలు, "గజోలియో" అంటే డీజిల్. అమెరికా నుంచి వచ్చేవాళ్లు ఈ రెండో పేరు చూసి పొరబడే ప్రమాదం ఉంది, జాగ్రత్త. "ఫాయ్ దా తె" అన్న వరసలో మీరే పట్టుకోవాలి, ధర తక్కువ. "సెర్వీతో" అన్నచోట మనిషి వచ్చి పడతాడు, లీటరుకు ఎక్కువ తీసుకుంటారు. మధ్యాహ్నం, ఆదివారం మనుషులు ఉండరు, మిషన్లు పనిచేస్తాయి. కార్డు పెట్టగానే ముందుగా పెద్ద మొత్తం బ్లాక్ అయితే కంగారు పడకండి, చివరికి పోయేది పట్టుకున్నదానికే.

రోజును ఎలా గడపాలి

దక్షిణాదిలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఊరు నిద్రలోకి జారుకుంటుంది. దుకాణాలు, చాలాచోట్ల చర్చిలు కూడా మూసేసి, నాలుగున్నర, ఐదింటికి మళ్లీ తెరుస్తారు. మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు. రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిదికి ముందు దొరకదు, స్థానికులు ఇంకా ఆలస్యంగా వస్తారు. మూడింటికి ఆకలేస్తోందని వెళ్తే కాఫీ బార్‌లో దొరికేదే గతి.

కాబట్టి ఎనిమిదింటికి బార్‌లో నిలబడి కాఫీ, దాంతో ఏదో ఒక తీపి. తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒక ఊరు చూడటం. పన్నెండున్నరకు భోజనానికి కూర్చుని, తొందర లేకుండా రెండింటికి లేవడం. ఎండవేళ గదిలో కునుకు, లేకపోతే సముద్రం ఒడ్డు. ఐదు తర్వాత ఇంకో చిన్న ఊరు. సాయంత్రం ఏడు ప్రాంతంలో ముసలివాళ్లు, పసిపిల్లలు, కొత్త జంటలు అందరూ తయారై ప్రధాన వీధిలో అటూ ఇటూ నడుస్తారు. దాన్ని పస్సెజ్జాతా అంటారు. ఆ వేళకు మాత్రం కారులో ఉండకండి, వాళ్లతో కలిసి నడవండి.

రెస్టారెంట్లకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, ఏ రోజన్నది ఒక్కోచోట ఒక్కోలా. ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు కాబట్టి టేబుల్ ముందే చెప్పి పెట్టుకోండి. బిల్లులో "కోపెర్తో" అని మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా వేస్తారు. అది బల్లకు, రొట్టెకు తీసుకునే మామూలు రుసుము, మోసమేమీ కాదు. టిప్పు తప్పనిసరి కాదు.

ఆర్డర్ ఇవ్వడంలో ఒక కిటుకు ఉంది. పూల్యాలో "అంతిపాస్తి దెల్లా కాజా" అని అడిగితే ఒక పళ్లెం కాదు, చిన్న చిన్న పళ్లేలు వరసగా వస్తూనే ఉంటాయి. చీజ్, వేయించిన వంకాయ, గుమ్మడి పూలు, చిక్కుడు గింజల ముద్ద, ఆలివ్‌లు, ఊరగాయలు, ఇంకా ఆ పూట వంటింట్లో ఉన్నవన్నీ. ఇద్దరికి ఒకటి చెప్పి, తర్వాత ఒక పాస్తా పంచుకుంటే చాలు.

మొదటి మజిలీ: బారి

విమానం దిగి నేరుగా ముందుకు వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీరు ఆగండి. పాత బారిలో కోట దగ్గర ఒక సందు ఉంది, అక్కడ ఆడవాళ్లు ఇంటి గుమ్మంలో బల్ల వేసుకుని ఒరెకియెత్తె అనే పాస్తా చేస్తుంటారు. పొద్దున తొమ్మిది, పది మధ్య వెళ్లి ఓ పావుగంట కదలకుండా చూడండి. గట్టి గోధుమ రవ్వ, నీళ్లు, అంతే, గుడ్డు వేయరు. ముద్దను వేలి లావు తాడులా సాగదీస్తారు. మొండి కత్తితో శనగగింజంత ముక్క కోసి, అదే కత్తితో చెక్క మీద తమ వైపుకు లాగుతారు. ముక్క చుట్టుకుంటుంది. వెంటనే దాన్ని బొటనవేలి కొస మీద తిరగేస్తారు. గరుకైన పైభాగంతో చిన్న చెవిలాంటి దొప్ప తయారు. ఒక్కోటి చేయడానికి క్షణం కూడా పట్టదు, ఈలోపు ఎదురింటావిడతో మాటలు ఆగవు. జల్లెడ అడుగున్న చెక్క చట్రాల మీద వాటిని ఆరబెడతారు. పొట్లం కొనుక్కోండి. ఫొటో తీసేముందు ఒక మాట అడగండి, అది వాళ్ల ఇల్లు.

దీన్ని అక్కడ చీమె ది రాపా అనే చేదు ఆకుకూరతో వండుతారు. ఆకు, పాస్తా ఒకే నీళ్లలో ఉడుకుతాయి, పైన ఆలివ్ నూనె, వెల్లుల్లి, మిరప. ఇది చలికాలపు కూర. వేసవిలో వెళ్తే టమాటా సాస్‌తో, కాచోరికొత్తా అనే చీజ్ తురుముతో తినండి. కాలం కాని కాలంలో పట్టుబట్టి ఆకుకూరే అడగడం వల్ల లాభం లేదు.

బారిలో ఫొకాచ్చా అనే రొట్టెను ఉదయం పదకొండు ప్రాంతంలో పొయ్యి నుంచి తీస్తుండగా బేకరీలో కొనండి. పిండిలో ఉడికించిన బంగాళాదుంప కలుపుతారు. పైన చిన్న టమాటాలు చేత్తో చిదిమి అద్దుతారు, ఆలివ్‌లు, ఒరేగానో చల్లుతారు. అడుగు నూనెలో వేగి కరకరలాడాలి. సాయంత్రం పూట పాత ఊళ్లో మొక్కజొన్న పిండి ముద్దను పలకలుగా కోసి నూనెలో వేయించి అమ్ముతారు, స్గల్యోజ్జె అంటారు. వేడివేడిగా ఉప్పు చల్లుకుని తినడమే.

సాన్ నికోలా బసిలికా అనే పెద్ద చర్చిని తప్పకుండా చూడండి. 1087లో బారి నావికులు మీరా పట్నం నుంచి తెచ్చిన సెయింట్ నికోలస్ అస్థికలు అక్కడే నేలమాళిగలో ఉన్నాయి. క్రిస్మస్ తాత కథకు మూలపురుషుడు ఈయనే. కాథలిక్కులతో పాటు ఆర్థడాక్స్ భక్తులు కూడా వచ్చి మొక్కుకునే చోటు అది.

ఇత్రియా లోయ

కారు తీసుకుని తీరం వెంట అరగంటలో పోలిన్యానో ఆ మారె చేరతారు. సముద్రం మీదకు వేలాడే కొండ అంచున ఇళ్లు. ఓ రెండు గంటలు తిరిగి, భోజనం చేసి, లోపలికి మళ్లండి. అక్కడి నుంచి అల్బెరొబెల్లోకు ఇంకో అరగంట.

శంకువు ఆకారపు రాతి కప్పుల ఇళ్లు, త్రుల్లి, ఇక్కడివే. సున్నం, సిమెంటు ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. కొత్త ఊరు కట్టాలంటే రాజు అనుమతి, దాంతో పన్ను ఉండేవి. తనిఖీ వస్తే ఇళ్లు చప్పున విప్పేయడానికి వీలుగా కన్వర్సానో ప్రభువు రైతులతో ఇలా కట్టించాడని చెబుతారు. 1797లో రాజు ఫెర్డినాండ్ ఊరికి స్వేచ్ఛ ఇచ్చాడు. 1996లో యునెస్కో జాబితాలో చేరింది. పది దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి. కాబట్టి ఎనిమిదింటికల్లా అక్కడుండండి, లేదా సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. మోంతి వైపు అంతా దుకాణాలే, ఎదురుగా ఉన్న ఆయా పిక్కొలా వైపు ఇంకా జనం కాపురాలున్నాయి, అటు నడవండి.

మకాం మాత్రం ఊళ్లో పెట్టకండి. అల్బెరొబెల్లో, లొకొరొతోందో, చిస్తెర్నీనో మధ్య పొలాల్లో అద్దెకిచ్చే త్రుల్లి ఇల్లు ఒకటి తీసుకోండి. ఈ ఊళ్ల మధ్య దూరం పది, పదిహేను నిమిషాలే. లొకొరొతోందోలో చూడాల్సినవంటూ పెద్దగా లేవు, గుండ్రటి తెల్లని సందుల్లో తిరగడమే పని, నాకైతే అన్నిటికన్నా నచ్చే ఊరు అదే.

మాంసాహారులు రాత్రికి చిస్తెర్నీనో వెళ్లండి. అక్కడ మాంసం కొట్లే హోటళ్లు. అద్దాల వెనకున్న మాంసం చూపించి తూకం వేయించుకుంటే, అక్కడే పొయ్యిలో కాల్చి బల్ల మీదకు తెస్తారు. బొంబెత్తె పేరుతో అమ్మేవి లోపల చీజ్ పెట్టి చుట్టిన పంది మాంసం చుట్టలు. బోటీ ఇష్టమైతే గ్నుమెరెద్ది అడగండి, గొర్రెపిల్ల కాలేయం లాంటివి పేగుతో చుట్టి కాలుస్తారు.

ఒస్తూనీ కొండ మీది తెల్లని ఊరు. దాని కింద, సముద్రం వరకు ఆలివ్ తోటల మైదానం. వాటిలో వెయ్యేళ్లు దాటిన చెట్లున్నాయి. మానులు మెలితిరిగి, నడుమ బోలుగా, ఒక మనిషి నిలబడేంత ఖాళీతో ఉంటాయి. నూనె మిల్లును ఫ్రంతోయో అంటారు. ఫోన్ చేసి వెళ్తే రొట్టెముక్కతో రుచి చూపిస్తారు. కొరతీనా రకం నూనె గొంతులో ఘాటుగా, కాస్త చేదుగా తగలాలి. ఆ ఘాటు తాజాదనానికి గుర్తు. సీసా మీద కోత కోసిన సంవత్సరం చూసి కొనండి.

లెచ్చె, చుట్టుపక్కల తీరం

ఒస్తూనీ నుంచి లెచ్చెకు గంట ప్రయాణం. తేనె రంగు మెత్తటి రాయితో చెక్కిన ఊరు. సాంతా క్రోచె చర్చి ముఖద్వారం ఎదుట మెడ నొప్పి పుట్టేదాకా నిలబడతారు. పొద్దున బార్‌లో పాస్తిచ్చొత్తో తినండి. కోలగా ఉండే వెచ్చని కేకులాంటి ముద్ద, లోపల చిక్కటి కస్టర్డ్. కొరికేటప్పుడు నోరు కాలకుండా చూసుకోండి. దాంతో ఐసు ముక్కల మీద కాఫీ పోసి బాదం పాలు కలిపిన కఫ్ఫె లెచ్చేజె. మధ్యాహ్నానికి చీచెరి ఎ త్రియా అడగండి. శనగలు, పాస్తా కలిపి వండి, కొంత పాస్తాను నూనెలో కరకరలాడేలా వేయించి పైన వేస్తారు.

ఒక రోజు ఒత్రాంతోకు వెళ్లండి. అక్కడి పెద్ద చర్చి నేలంతా పరుచుకున్న మొజాయిక్‌ను 1163 నుంచి 1165 వరకు పంతలెయోనె అనే సన్యాసి ఆధ్వర్యంలో వేశారు. మధ్యలో పొడవాటి జీవవృక్షం, దాన్ని వీపు మీద మోస్తున్న రెండు ఏనుగులు. 1480లో తుర్కుల దాడిలో చనిపోయినవారి ఎముకలు పక్క గదిలో అద్దాల వెనక ఉంచారు. పిల్లలు ఉంటే ముందే ఆలోచించుకోండి. ఒత్రాంతో నుంచి లెవుకా దాకా కొండ అంచు వెంట సాగే రోడ్డు సుమారు 50 కిలోమీటర్లు, మలుపులు ఎక్కువ. దిగిన ప్రతిచోటా నీళ్లు పిలుస్తాయి కాబట్టి సగం రోజు కేటాయించండి.

తిరిగి వచ్చేటప్పుడు గల్లీపొలి వైపు నుంచి రండి. దారి పొడవునా బూడిద రంగులో ఎండిపోయిన ఆలివ్ చెట్లు కనిపిస్తాయి. 2013లో గల్లీపొలి దగ్గర గుర్తించిన క్సిలెల్లా బ్యాక్టీరియా లక్షలాది చెట్లను చంపింది. ఒక చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. తాతలు నాటిన తోటలు పోయిన రైతులు ఇప్పుడు లెచ్చీనో, ఫవొలోజా లాంటి తట్టుకునే రకాలు నాటుకుంటున్నారు. ఆ రైతుల దగ్గరే ఒక సీసా నూనె కొనండి.

లెచ్చె చుట్టుపక్కలున్న ఈ సలెంతో ప్రాంతంలో మెనూ మీద "కవాల్లో" అని కనిపిస్తే అది గుర్రం మాంసం, అక్కడ మామూలు వంట. కాచొకవాల్లో మాత్రం ఆవు పాల చీజ్, దాంతో భయం లేదు.

మతేరా

లెచ్చె నుంచి మతేరాకు రెండు గంటలు దాటుతుంది. మకాం మారే రోజుల్లో పెద్ద డ్రైవ్ ఇదే, మన రెండు గంటల నియమాన్ని ఈ రోజు కాస్త సడలించక తప్పదు. కుమ్మరుల ఊరు గ్రొత్తాల్యెలో ఆగి, భోజనం చేసి, కుండలు, పళ్లేలు చేసే వీధి చూసి సాగండి. మందూర్యా ద్రాక్షతోటల మీదుగా వస్తే వైన్ రుచి చూడాలనిపిస్తుంది, కానీ రక్తంలో ఆల్కహాల్ హద్దు లీటరుకు అర గ్రాము. నడిపేవాళ్లు సీసా కొనుక్కుని రాత్రికి తాగడమే మేలు.

మతేరాలో సస్సి అంటే కొండను తొలిచి కట్టుకున్న గుహల ఇళ్లు. కారును ఎగువ కొత్త ఊళ్లోనే పార్క్ చేయండి. రాత్రికి కావలసినవి ఒక భుజానికి తగిలించుకునే సంచిలో సర్దుకోండి, ఆ మెట్ల మీద చక్రాల పెట్టె పనికిరాదు. 1950ల్లో ఈ గుహల్లో మనుషులు, పశువులు ఒకే గదిలో బతికేవి. దేశానికే సిగ్గుచేటని 1952లో చట్టం చేసి దాదాపు 15 వేల మందిని కొత్త ఇళ్లకు తరలించారు. తర్వాత 1993లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. ఇప్పుడు గుహ హోటల్లో పడుకునే ముందు, అప్పటి సామానుతో అలాగే ఉంచిన ఒక గుహ ఇల్లు చూసి రండి. మంచం కింద కోళ్లు, వెనక గాడిద కొట్టం, మూలన మగ్గం. ఊరి మధ్యనున్న చౌకు కింద పలొంబారొ లూంగో అనే పెద్ద నీటి తొట్టి ఉంది. వాన చుక్క కూడా వృథా కాకుండా ఎలా దాచుకున్నారో అక్కడ తెలుస్తుంది.

మతేరా రొట్టెను పెద్దగా, మందపాటి పెంకుతో చేస్తారు. పూర్వం ఊరందరి పిండీ ఒకే పొయ్యిలో కాల్చేవారు కాబట్టి ఏ రొట్టె ఎవరిదో తెలియడానికి ప్రతి ఇంటికీ చెక్క ముద్ర ఉండేది, దాని మీద ఇంటిపెద్ద పేరులోని అక్షరాలు చెక్కేవారు. ఆ ముద్రలను ఇప్పటికీ చెక్కి అమ్ముతారు. పాత రొట్టెను నీళ్లలో నానబెట్టి, టమాటా, ఉల్లిపాయ, ఆలివ్ నూనెతో కలిపితే చల్లెద్దా, ఎండవేళ దాన్ని మించింది లేదు. పెపెరొని క్రుస్కి తప్పక తినండి. సెనీజె ఊరి ఎర్ర మిరపకాయలను దండలు గుచ్చి ఎండబెట్టి, మరిగే నూనెలో ఒకటి రెండు క్షణాలు ముంచి తీస్తారు. కారం అసలుండదు, తియ్యగా, కొంచెం పొగ వాసనతో కరకరలాడతాయి.

సాయంత్రం కారు తీసి లోయ అవతలి ముర్జా తిమొనె వైపు వెళ్లండి. అక్కడి నుంచి మతేరా మొత్తం ఒకే చూపులో కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి ఓ గంట ముందు చేరితే బాగుంటుంది.

శాకాహారులకు

పూల్యాలో శాకాహారానికి కరువు లేదు, ఇది పేద రైతుల వంట కదా. ఫావె ఎ చికోరియా అన్ని ఊళ్లలో ఉంటుంది. ఎండు ఫావా గింజలను మెత్తగా ఉడికించి, పచ్చి ఆలివ్ నూనె పోసి, పక్కన చేదు ఆకుకూర పెడతారు. మొదటి ముద్దకే మన ముద్దపప్పు గుర్తొస్తుంది.

జాగ్రత్త అవసరమైనవి కొన్ని. ఒరెకియెత్తె ఆకుకూర పాస్తాలో అచ్చూగె, అంటే చిన్న ఉప్పు చేపలు వేయడం మామూలు. పాస్తిచ్చొత్తో పైపొరకు సాంప్రదాయంగా పంది కొవ్వు వాడతారు, లోపలి క్రీమ్‌లో గుడ్డు ఉంటుంది. పార్మిజానో లాంటి చాలా చీజ్‌ల తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వేస్తారు. దీన్ని కాల్యో అంటారు, పట్టింపు ఉంటే అడగండి. "సెన్‌త్సా కార్నె, సెన్‌త్సా పేషె, సెన్‌త్సా అచ్చూగె" అని నేర్చుకోండి: మాంసం లేకుండా, చేప లేకుండా, ఉప్పు చేప లేకుండా. శాకాహారినని మాత్రమే చెబితే చేప సంగతి వాళ్లకు తట్టకపోవచ్చు.

తిరుగు ప్రయాణం

మతేరా నుంచి బారి విమానాశ్రయానికి గంటకు పైగా. దారిలోనే అల్తమూరా. 2003లో యూరప్ గుర్తింపు పొందిన ఇక్కడి రొట్టె రెండుసార్లు విసిరిన గట్టి గోధుమ పిండితో, పులిసిన పాత ముద్దతో తయారవుతుంది. రోజుల తరబడి పాడవదు, అందుకే గొర్రెల కాపరులు మోసుకెళ్లేవారు. పొద్దునే వెళ్లి కొనండి. విమానం సాయంత్రమైతే అంద్రియా మీదుగా వెళ్లి చీజ్ తయారుచేసే చోట అప్పుడే చేసిన బురాతా తినండి, ఇది పుట్టిన ఊరు అదే. కత్తి పెట్టగానే క్రీమ్, పీచులైన చీజ్ బయటికి వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిది తింటే రుచి తెలియదు.

నూనెను సీసాల్లో కాక డబ్బాల్లో కొనండి, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. ఎండు మిరపల పొట్లం బరువుండదు, ఎన్ని తెచ్చుకున్నా సరిపోవు. విమానాశ్రయానికి కొంచెం ముందున్న బంకులో ట్యాంకు నింపి, రసీదు ఉంచుకోండి. కారు అప్పగించేటప్పుడు మళ్లీ చుట్టూ తిరిగి వీడియో తీసి, వాళ్లు ఇచ్చే కాగితం మీద సంతకం అయ్యాకే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.